పాఠం వింటూ ఏది రాసుకోవాలి, ఏది వదిలేయాలి

నమస్కారం. హైస్కూలు విద్యార్థులు రోజూ చేసే పని అయినా ఎవరూ వారికి ప్రత్యేకంగా నేర్పని ఒక విషయం గురించి ఈ వీడియోలో మాట్లాడుకుందాం. పాఠం వింటూ నోట్సు రాసుకోవడం, ఆ నోట్సు నుంచి సారాంశం తీయడం అనేవి వయసుతోపాటు వాటంతట అవే వస్తాయని చాలామంది అనుకుంటారు. ఇవి సాధనతోనే పట్టుబడతాయని, సాధన ఎలా చేయాలో తెలిసిన విద్యార్థికి చదువు భారం చాలావరకు తగ్గుతుందని నేను గట్టిగా నమ్ముతాను.

ముందుగా చేతిరాతకు ఉన్న హద్దును గుర్తించాలి. ఇంగ్లీషులో సాధారణ ప్రసంగం నిమిషానికి సుమారు 120 నుంచి 150 మాటల వేగంతో సాగుతుంది. చేత్తో రాసేవారు అందులో నాలుగో వంతు అందుకోవడం కూడా కష్టమే, ఏ భాషలోనైనా పరిస్థితి ఇంచుమించు ఇదే. కాబట్టి ఉపాధ్యాయులు చెప్పిన ప్రతి మాటా రాయాలని పూనుకున్న విద్యార్థి మొదటి వాక్యం పూర్తిచేసేలోగా మూడో వాక్యం దాటిపోతుంది, చివరికి అతని పుస్తకంలో మిగిలేవి తెగిపోయిన వాక్యాలే. ఎలాగూ అన్నీ రాయలేం కనుక, ఏది వదిలేయాలో మనమే నిర్ణయించుకోవాలి. ఆ నిర్ణయం తీసుకోవాలంటే చెబుతున్నది అర్థం చేసుకోక తప్పదు. నోట్సు వల్ల కలిగే మేలులో పెద్ద భాగం ఆ క్షణంలోనే దక్కుతుంది.

ల్యాప్‌టాప్ మీద వేగంగా టైపు చేస్తే ఈ ఇబ్బంది ఉండదు కదా అని కొందరు అడుగుతారు. 2014లో పామ్ ముల్లర్, డేనియల్ ఓపెన్‌హైమర్ అనే పరిశోధకులు ఇదే ప్రశ్నను పరీక్షించారు. టైపు చేసినవారు ఎక్కువ మాటలు రాసుకున్నారు, కానీ వాటిలో చాలావరకు విన్నది విన్నట్టే దించుకున్నవి. భావాన్ని అడిగే ప్రశ్నలకు వారికంటే చేత్తో రాసుకున్నవారే మెరుగ్గా జవాబులిచ్చారు. తర్వాత ఇతరులు ఈ ప్రయోగాన్ని మళ్ళీ చేసినప్పుడు అంత స్పష్టమైన తేడా కనిపించలేదు కనుక, కలమే గొప్పదని తీర్పు చెప్పలేం. నా అభిప్రాయంలో సాధనం ఏదైనా ఫరవాలేదు. మాటకు మాట దించుకునే అలవాటు మాత్రం రెండింటిలోనూ నష్టమే చేస్తుంది.

ఇప్పుడు ఒక పాఠాన్ని దగ్గరగా చూద్దాం. భౌతికశాస్త్రం తరగతిలో బాష్పీభవనం గురించి ఉపాధ్యాయురాలు ఇలా చెబుతున్నారనుకోండి: “ద్రవంలోని కణాలన్నీ ఒకే వేగంతో కదలవు. ఉపరితలం దగ్గర ఉన్న వాటిలో ఎక్కువ శక్తి గల కణాలు మిగతా కణాల ఆకర్షణను తెంచుకుని గాలిలోకి పోతాయి. వేగం గలవి వెళ్ళిపోవడంతో మిగిలిన కణాల సగటు శక్తి తగ్గి ద్రవం చల్లబడుతుంది. చెమట ఆరేటప్పుడు ఒంటికి చల్లగా ఉండేది అందుకే. ఉష్ణోగ్రత పెరిగినా, ఉపరితల వైశాల్యం పెరిగినా, గాలి వీచినా బాష్పీభవనం వేగం పుంజుకుంటుంది. గాలిలో తేమ ఎక్కువగా ఉంటే ఆ వేగం తగ్గుతుంది.”

దీన్ని యథాతథంగా రాస్తే దాదాపు అర పేజీ అవుతుంది. శ్రద్ధగా విన్న విద్యార్థి నోట్సు మూడు వరుసల్లో ముగుస్తుంది. మొదటి వరుసలో “ఉపరితలం, ఎక్కువ శక్తి కణాలు బయటికి” అని రాసి, అక్కడినుంచి ఒక బాణం గీసి “మిగిలిన వాటి సగటు శక్తి తక్కువ”, మరో బాణం గీసి “చల్లదనం” అని రాస్తాడు. రెండో వరుసలో “ఉదా: చెమట” అని ఉంటుంది. మూడో వరుసలో “పెంచేవి: వేడి, వైశాల్యం, గాలి, తగ్గించేది: తేమ” అని ఉంటుంది. ఇక్కడ అన్నిటికన్నా విలువైనవి ఆ రెండు బాణాలు. కారణం ఏది, ఫలితం ఏది అన్న సంబంధాన్ని విద్యార్థి పట్టుకున్నాడని అవే చూపిస్తాయి. ఈ సంబంధాన్ని వదిలేసి ముఖ్యమైన మాటలను మాత్రమే వరసగా రాసుకుంటే, వారం తర్వాత ఆ మాటలు ఒకదానికొకటి పొసగవు.

యథాతథంగా రాయవలసినవీ కొన్ని ఉన్నాయి. నిర్వచనాలు, సూత్రాలు, తేదీలు, పేర్లు, పద్యపాదాలు సొంత మాటల్లోకి మార్చుకోవలసినవి కావు. గణితంలో ప్రతి మెట్టు పక్కన అది ఎందుకు వేశామో ఒక చిన్న కారణం రాసుకోవాలి, లేకపోతే ఇంటికి వెళ్ళాక ఆ లెక్క మీకే కొత్తగా కనిపిస్తుంది. ఏదైనా మాట అందకపోతే అక్కడ ఖాళీ వదిలి, పక్కన ప్రశ్నార్థకం పెట్టి ముందుకు సాగండి. తరగతి ముగిశాక అడిగి ఆ ఖాళీ నింపుకోవడంలో చిన్నతనమేమీ లేదు.

పేజీని ఎలా విభజించుకోవాలన్న విషయంలో, అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయంలో బోధించిన వాల్టర్ పాక్ 1950ల్లో రూపొందించిన పద్ధతి ఇప్పటికీ చాలా చోట్ల వాడుకలో ఉంది. అందులో కుడివైపు వెడల్పైన భాగంలో నోట్సు, ఎడమవైపు సన్నని భాగంలో ప్రశ్నలు లేదా ఆనవాలు మాటలు, అడుగున సారాంశం రాస్తారు. చాలామంది గీతలు అందంగా గీసి, కుడివైపు నింపి, ఎడమభాగాన్ని ఖాళీగా వదిలేస్తారు. నిజానికి ఈ పద్ధతికి ప్రాణం ఆ ఎడమభాగమే. మన ఉదాహరణలో అక్కడ “చెమట ఆరితే చల్లగా ఎందుకుంటుంది?” అని ఒక ప్రశ్న రాసుకుని, కుడిభాగాన్ని చేత్తో కప్పి, జవాబును పైకి చెప్పి చూసుకోవాలి.

ఇలా మనల్ని మనమే ప్రశ్నించుకోవడం ఎందుకంత ముఖ్యమో 2006లో హెన్రీ రోడిగర్, జెఫ్రీ కార్పికీ చేసిన ప్రయోగాలు చూపించాయి. ఒక వ్యాసభాగాన్ని కొందరు మళ్ళీ చదివారు, మరికొందరు చూడకుండా గుర్తుచేసుకుని రాశారు. ఐదు నిమిషాల తర్వాత పరీక్ష పెడితే మళ్ళీ చదివినవారిదే పైచేయి అయింది. వారం తర్వాత పెడితే గుర్తుచేసుకుని రాసినవారు స్పష్టంగా ముందున్నారు. మళ్ళీ మళ్ళీ చదవడం వల్ల పాఠం వచ్చేసిందన్న భ్రమ కలుగుతుంది, ఆ భ్రమ పరీక్ష గదిలోనే వీడుతుంది. కష్టపడి చదివే పిల్లలు కూడా ఇక్కడే దెబ్బతింటున్నారన్నది నన్ను నిజంగా బాధపెట్టే విషయం.

ఇక సారాంశం సంగతి. 1983లో ఆన్ బ్రౌన్, జీన్ డే పాఠాలను కుదించే తీరును అధ్యయనం చేసినప్పుడు, చిన్న వయసు విద్యార్థులు ఎక్కువగా కొన్ని వాక్యాలు కొట్టేసి మిగతావి ఉన్నవున్నట్టు ఎత్తిరాస్తున్నారని, అనుభవం ఉన్నవారు విడివిడి వాక్యాలను కలిపి తమ సొంత ప్రధాన వాక్యాన్ని నిర్మించుకుంటున్నారని గమనించారు. బాష్పీభవనం పాఠాన్నే తీసుకుంటే, ఒక మంచి సారాంశం ఇలా ఉండవచ్చు: “ఎక్కువ శక్తి గల కణాలు ఉపరితలం నుంచి వెళ్ళిపోవడం వల్ల ద్రవం ఆవిరవుతూ చల్లబడుతుంది, ఆ కణాలు బయటపడడం ఎంత సులువైతే బాష్పీభవనం అంత వేగంగా జరుగుతుంది.” వేడి, వైశాల్యం, గాలి, తేమ అన్న నాలుగు అంశాలూ రెండో భాగంలో ఒకే భావం కింద ఒదిగిపోయాయి. అలా ఒదిగించే వాక్యం పాఠంలో ఎక్కడా లేదు, దాన్ని విద్యార్థి తానే కట్టుకోవాలి. అందుకే సారాంశం రాసేటప్పుడు పుస్తకం మూసి ఉంచమని చెబుతాను. తెరిచి ఉంటే చెయ్యి తెలియకుండానే పుస్తకంలోని వాక్యాల వైపు పోతుంది. రాయడం పూర్తయ్యాక పుస్తకం తెరిచి, తప్పులూ వదిలేసినవీ వేరే రంగుతో సరిదిద్దుకోవచ్చు.

మరో నిజం కూడా చెప్పాలి. 2013లో జాన్ డన్‌లోస్కీ, ఆయన సహచరులు పది అధ్యయన పద్ధతులను సమీక్షించి, అండర్‌లైన్ చేయడం, మళ్ళీ చదవడంతోపాటు సారాంశం రాయడాన్ని కూడా తక్కువ ప్రయోజనం గల జాబితాలోనే చేర్చారు. సారాంశం బాగా రాయడం తెలిసినవారికి అది ఉపయోగపడుతుందని, ఎందరో విద్యార్థులకు ముందు శిక్షణ అవసరమవుతుందని వారు వివరించారు. తనను తాను పరీక్షించుకోవడం, చదువును కొన్ని రోజుల విరామాలతో పంచుకోవడం అన్నవి వారి సమీక్షలో పైస్థానంలో నిలిచాయి. కాబట్టి మొదట్లో ఒక్క పేరాతో మొదలుపెట్టండి. ఆ పేరాను రెండు వాక్యాల్లోకి తేగలిగాకే మొత్తం పాఠం జోలికి వెళ్ళండి.

నోట్సును ఎప్పుడు తిరిగి చూడాలన్నదానికి జర్మన్ మనస్తత్వ శాస్త్రవేత్త హెర్మన్ ఎబ్బింగ్‌హౌస్ 1885లో ప్రచురించిన పరిశోధన ఒక ఆధారం. అర్థంలేని అక్షరాల వరసలను తానే కంఠస్థం చేసి, మరపు మొదటి గంటల్లో చాలా వేగంగా, ఆ తర్వాత నెమ్మదిగా సాగుతుందని ఆయన చూపించారు. అర్థంతో నేర్చుకున్న పాఠం అంత త్వరగా చెరగకపోయినా, పాఠం విన్న రోజు సాయంత్రమే ఎడమభాగంలోని ప్రశ్నలు రాసుకోవడం మంచిది. మళ్ళీ రెండు మూడు రోజుల తర్వాత ఒకసారి, వారం తర్వాత ఒకసారి నోట్సు కప్పి జవాబులు చెప్పుకోండి. జవాబు రాని ప్రశ్న పక్కన ఒక చుక్క పెట్టుకోండి. పరీక్షల ముందు చుక్కలు ఎక్కువగా ఉన్న పేజీల దగ్గరే మొదలుపెట్టి, ఆ ప్రశ్నల కోసమే పాఠ్యపుస్తకం తెరవండి.