కీచురాళ్ళ చప్పుడుకి బొమ్మ వేసినాయన

హాయ్ అండీ. ముందే చెప్పేస్తున్నాను, ఇవాళ్టి వీడియోలో నయాగరా లేదు, చార్లెస్ బర్చ్‌ఫీల్డ్ అని ఒక చిత్రకారుడున్నాడు.

అమెరికాలో నయాగరా పక్కనే ఉన్న మా బఫెలోలో తెలుగువాళ్ళ ఇల్లంటే సగం సత్రమే. ఎవరి అమ్మానాన్నలు వచ్చినా, ఎవరి అత్తమామలు వచ్చినా నయాగరా చూడాలి. నయాగరా చూస్తే మా ఇంట్లో ఒక పూట భోజనం చెయ్యాలి. ఈ ఏడేళ్ళలో ఆ జలపాతం ముందు ఎంతమందిని నిలబెట్టి ఫొటోలు తీశానో లెక్కలేదు. మీరు ఎక్కువగా చూసేది కూడా ఆ వీడియోలే, తెలుసు. దీనికి వ్యూస్ రావని మా ఆయన ఇప్పటికే తేల్చేశారు. రాకపోతే పోనీ.

సంగతి మే నెలలో ఒక ఉత్తరంతో మొదలైంది. మా కమ్యూనిటీ హెచ్‌ఓఏ, అంటే ఇళ్ళ యజమానుల సంఘం వాళ్ళు పంపారు. మీ ముందు లాన్‌లో కలుపు బాగా పెరిగింది, 14 రోజుల్లో తీయించకపోతే ఫైన్ అని. కలుపంటే ఏంటనుకున్నారు? డాండెలైన్లు. చిన్న చేమంతిలా పసుపుపచ్చగా పూస్తాయి. కొన్ని రోజులకి తెల్లటి దూదిబంతులవుతాయి. ఊదితే గింజలు గాల్లో తేలిపోతాయి. అప్పటికి మా అమ్మ పాలకొల్లు నుంచి వచ్చి రెండు వారాలైంది. పొద్దున్నే మా చిన్నోణ్ణి వెంటేసుకుని ఒక్కొక్కటీ కోసిచ్చి ఊదించడమే పని. ఉత్తరం చదివి వినిపిస్తే, "జిల్లేడు దూదిలా ఎంత బాగా ఎగురుతున్నాయే, వీటి మీద కేసు పెట్టారా?" అంది. మా ఆయనకి మాత్రం టెన్షన్. అదే సాయంత్రం కలుపు మందు డబ్బా కొనుక్కొచ్చారు.

మర్నాడు ఆఫీసులో ఈ గోల చెప్తుంటే, ఈ ఊళ్ళోనే పుట్టి పెరిగిన ఒక పెద్దావిడ నవ్వి, తన ఫోన్‌లో ఒక బొమ్మ చూపించింది. రాత్రి, చందమామ, వాటి ముందు డాండెలైన్ దూదిబంతులు, లోపల దీపం పెట్టినట్టు ఒక్కోటీ వెలుగుతూ. పేరు 'డాండెలైన్ సీడ్ హెడ్స్ అండ్ ది మూన్'. 1961లో మొదలుపెట్టి 1965 దాకా వేసిన బొమ్మ. "ఇక్కడి మనిషే, చార్లెస్ బర్చ్‌ఫీల్డ్. ఆయన పేరు మీద మ్యూజియం కూడా ఉంది, వెళ్ళలేదా?" అని అడిగింది.

వెళ్ళలేదు. ఎల్మ్‌వుడ్ అవెన్యూలో ఆ బర్చ్‌ఫీల్డ్ పెన్నీ మ్యూజియం ముందు నుంచి ఏడేళ్ళుగా కారులో తిరుగుతున్నాను. దానికి ఎదురుగా ఉన్న పెద్ద మ్యూజియం, ఏకేజీ, దానికి రెండుసార్లు వెళ్ళాం. రోడ్డు మాత్రం దాటలేదు.

శనివారం ఒకటే వాన. అమ్మకి అప్పటికే నయాగరా రెండుసార్లు అయిపోయింది, మూడోసారి అంటే "ఆ నీళ్ళు ఎక్కడికీ పోవులే" అంది. అలా ఇద్దరం ఈ మ్యూజియానికి వెళ్ళాం. ఇక్కడ వీడియో కాస్త మసకగా ఉంటుంది, ఏమనుకోకండి. నీటిరంగుల బొమ్మలకి ఎక్కువ వెలుతురు తగిలితే రంగు పోతుంది, అందుకని లైట్లు తక్కువ పెడతారు. బొమ్మలు కూడా కొన్నాళ్ళు బయట, కొన్నాళ్ళు లోపల బీరువాల్లో. బర్చ్‌ఫీల్డ్ పేరు జనంలో పెద్దగా నానకపోవడానికి నా ఉద్దేశంలో ఇదీ ఒక కారణం. జీవితమంతా వేసింది ఎక్కువగా నీటిరంగులే. పైగా బఫెలో వచ్చాక ఆ చుట్టుపక్కల నుంచి కదల్లేదు.

ఆయన కథ చెప్తాను, కొంచెం ఓపిక పట్టండి. 1893లో ఒహాయోలో, ఈరీ సరస్సు ఒడ్డున ఆష్టబ్యులా అనే రేవు ఊళ్ళో పుట్టాడు. తండ్రి దర్జీ. పిల్లాడికి అయిదేళ్ళు వచ్చే వేళకి తండ్రి పోయాడు. ఆరుగురు పిల్లల్ని వెంటబెట్టుకుని తల్లి తన పుట్టింటి ఊరు సేలం చేరింది. తమిళనాడు సేలం కాదండీ, ఒహాయోలో సేలం. అక్కడ స్కూల్లో ఫస్టు వచ్చాడు, క్లీవ్‌లాండ్‌లో నాలుగేళ్ళు బొమ్మలు నేర్చుకున్నాడు, 1916లో స్కాలర్‌షిప్ మీద న్యూయార్క్ వెళ్ళాడు. వెళ్ళి, ఒక్కరోజు క్లాసులో కూర్చుని మానేశాడు. ఒక్కటే రోజు! కొన్ని వారాల్లో మళ్ళీ సేలంలో తేలాడు. అమెరికా వెళ్ళి ఆరు నెలల్లో తిరిగొచ్చిన కుర్రాణ్ణి మన వీధుల్లో ఎలా చూస్తారో మీకు తెలుసుగా. అక్కడా అలాగే చూసుంటారు.

ఊళ్ళో రేకు సామాను చేసే ఫ్యాక్టరీలో ఖర్చుల లెక్కలు రాసే ఉద్యోగంలో చేరాడు. మధ్యాహ్నం భోజనాల గంటలో బయటికెళ్ళి బొమ్మ వేసుకునేవాడు. ఇది చదివినప్పుడు కొంచెం సిగ్గేసింది. నేను చేసేదీ బిల్లింగ్ లెక్కలే. నా లంచ్ అవర్‌లో పప్పన్నం వేడిచేసుకుని ఫోన్ చూస్తాను.

ఆ లంచ్ అవర్‌లలో, సాయంత్రాల్లో 1917లో వేసినవే ఆయన్ని నిలబెట్టిన బొమ్మలు. వయసు 24. తన బంగారు సంవత్సరం అని తర్వాత ఆయనే చెప్పుకున్నాడు. ఏం చేశాడంటే, కంటికి కనపడని వాటికి ఆకారాలు కట్టాడు. భయానికి ఒక గుర్తు, దిగులుకి ఒక గుర్తు, పిచ్చికి ఒక గుర్తు. కొక్కేల్లా మెలితిరిగినవి, గుహల్లా నోరు తెరిచినవి. ఇవన్నీ పెన్సిల్‌తో గీసిపెట్టుకుని బొమ్మల్లో కలిపేశాడు. చిన్నప్పుడు వానరాత్రి చర్చి గంట మోగితే భయమేసేదట. అదే బొమ్మ వేస్తే, గంట గోపురం రాకాసి పక్షిలా వంగి ఇళ్ళ మీదకి చూస్తూ ఉంటుంది. ఆ బొమ్మ క్లీవ్‌లాండ్ మ్యూజియంలో ఉంది.

మరి చప్పుళ్ళు? అసలు విషయం అదే.

మ్యూజియం నుంచి వచ్చాక లైబ్రరీలో ఆయన బొమ్మల పుస్తకం ఒకటి దొరికింది. అట్ట లావు, నాలుగు కేజీలు ఉంటుంది. అందులో 'ది ఇన్సెక్ట్ కోరస్' అని 1917 నాటి బొమ్మ ఉంది. ఆగస్టు నెల ఆదివారం సాయంత్రం, ఒక ఇంటి పెరడు. మనుషులు లేరు, పురుగులూ కనపడవు. కానీ పొదల్లోంచి, చెట్లలోంచి కోసుగా కొన్ని గీతలు, రంపం పళ్ళలా కొన్ని, వంపు తిరిగినవి కొన్ని, పొరలు పొరలుగా లేస్తుంటాయి. నేను డిజైన్ అనుకున్నాను. అమ్మకి బొమ్మ పేరు చెప్పలేదు, వివరం చెప్పలేదు, పుస్తకం ఒళ్ళో పెట్టానంతే. కళ్ళజోడు సర్దుకుని కాసేపు చూసి, "ఇవి కీచురాళ్ళు కదే" అంది.

"ఎక్కడున్నాయమ్మా?"

"ఉండటమేంటి, అరుస్తున్నాయి. ఇదిగో ఈ పళ్ళపళ్ళగా ఉన్నది ఆగి ఆగి అరిచేది. ఈ సాగదీసింది చూడు, ఎండాకాలం చింతచెట్టు మీద గీ... మని మొదలెడితే ఆపదూ, అది."

నాకు నోట మాట రాలేదు. కెమెరా ఆన్‌లో లేదు, అదొకటే బాధ.

ఇంకో పేజీలో 'సాంగ్ ఆఫ్ ది టెలిగ్రాఫ్'. పొలాల మధ్య తంతి స్తంభాలు వరసగా పోతుంటాయి, తీగల చుట్టూ గాలి వణుకుతూ. అమ్మ దాని దగ్గర చాలాసేపు ఆగింది. చిన్నప్పుడు కాలవగట్టున ఇలాంటి స్తంభాలకి చెవి ఆనించి వినేవాళ్ళట. "లోపల మద్రాసు వాళ్ళు మాట్లాడుకుంటున్నారని మా అన్నయ్య చెప్పేవాడు. చాలా రోజులు నమ్మాను." నలభై ఏళ్ళుగా ఆవిడ కూతుర్ని, ఈ ముక్క ఎప్పుడూ వినలేదు.

సరే, ఆయన దగ్గరికొద్దాం. 1918లో సైన్యంలోకి తీసుకున్నారు, అక్కడ ఫిరంగులు శత్రువుకి కనపడకుండా రంగులు వేసే పని ఇచ్చారు. 1921లో బఫెలో వచ్చి బర్జ్ అనే వాల్‌పేపర్ కంపెనీలో డిజైనర్‌గా చేరాడు. పక్షులు, చెట్లు, పొద్దుతిరుగుడు పూలు. మరుసటేడాది పెళ్ళి. 1925లో ఊరి చివర వెస్ట్ సెనెకాలో గార్డెన్‌విల్ అనే చోట ఇల్లు. వరసగా నలుగురు ఆడపిల్లలు, ఒక మగపిల్లాడు. 1929లో ఉద్యోగం మానేశాడు, బొమ్మలతోనే బతుకుతానని. అదే ఏడాది కొన్ని వారాల తేడాలో అమెరికా స్టాక్ మార్కెట్ కుప్పకూలింది.

అమ్మ అడిగిన మొదటి ప్రశ్న: "పెళ్ళాం ఒప్పుకుందా?"

ఒప్పుకుంది కాబట్టే మనం ఈ బొమ్మలు చూస్తున్నాం. మా ఆయన కూడా ఈ మాట విన్నారు, ఏమీ అనలేదు, కానీ ఎందుకో కొంచెం ఉత్సాహంగా కనిపించారు. నేను వెంటనే టాపిక్ మార్చాను.

అదృష్టం బాగుండి నిలదొక్కుకున్నాడు. న్యూయార్క్‌లో మోమా మ్యూజియం తెరిచిన కొత్తల్లో, 1930లో, ఒకే చిత్రకారుడి బొమ్మలతో పెట్టిన మొట్టమొదటి ప్రదర్శన ఈయనదే. అదీ ఆ సేలం రోజుల నీటిరంగులతో. 1936లో లైఫ్ పత్రిక అమెరికాలో పదిమంది గొప్ప చిత్రకారుల్లో ఒకడన్నది. ఎడ్వర్డ్ హాపర్ ఈయన్ని మెచ్చుకుంటూ వ్యాసమే రాశాడు. రాత్రిపూట హోటల్లో నలుగురు కూర్చున్న బొమ్మ, వాట్సాప్‌లో కూడా తిరుగుతుంది చూడండి, ఆ హాపర్. ఇద్దరూ పోయింది ఒకే ఏడాది, 1967. హాపర్ పేరు ఊరూరా తెలుసు. ఈయన పేరు ఈయన సొంత ఊళ్ళో నాకే తెలీదు.

ఇక్కడ నా సొంత అభిప్రాయం ఒకటి. అప్పట్లో ఆయనకి పేరు తెచ్చిన ఆ నడిమి బొమ్మలున్నాయే, పాత ఇళ్ళు, ఫ్యాక్టరీలు, బురద వీధులు, అవి బాగా వేశాడు, కాదనను. కానీ మ్యూజియంలో అవి పెట్టిన గదిలో నాకు ఊపిరాడలేదు. నవంబర్ నుంచి మార్చి దాకా బఫెలోలో కిటికీలోంచి కనిపించేదే అది, మళ్ళీ గోడ మీద ఎందుకు?

ఆయనకీ విసుగొచ్చినట్టుంది. 1943లో, యాభై ఏళ్ళ వయసులో, సేలం రోజుల పాత కాగితాలు బయటికి తీశాడు. తీసి, కొత్త కాగితం ముక్కలు వాటి చుట్టూ అతికించి, పాత బొమ్మని నాలుగు వైపులా పెంచుకుంటూ పోయాడు. 24 ఏళ్ళ కుర్రాడు ఆపిన చోట 50 ఏళ్ళ మనిషి అందుకున్నాడన్నమాట. అందుకే కొన్ని బొమ్మల కింద రెండు సంవత్సరాలు ఉంటాయి. 'ది కమింగ్ ఆఫ్ స్ప్రింగ్', 1917 నుంచి 43. 'సన్ అండ్ రాక్స్', 1918 నుంచి 50. ఇందాకటి తంతి స్తంభాల బొమ్మ కూడా అంతే, 1917లో మొదలెట్టింది 1952లో అయింది.

మ్యూజియంలో ఆ అతుకులు నాకు కనపడలేదు. అమ్మే చూపించింది. ముప్ఫై ఏళ్ళు ఇంట్లో మిషను తొక్కి ఊరందరికీ జాకెట్లు కుట్టింది, అతుకు దాచితే పట్టేస్తుంది. అద్దానికి ముక్కు తగిలేంత దగ్గరికెళ్ళి, "ఇక్కడ ముక్క వేశాడే. రంగు కలిసింది గానీ గీత తెలుస్తోంది" అని, వెనక్కి జరిగి, "నాన్న దర్జీ అన్నావుగా" అంది. సెక్యూరిటీ అబ్బాయి ఇంకో అడుగు వెనక్కి జరగమని సైగ చేశాడు.

ఒక బొమ్మ గురించి మాత్రం నేనే చెప్పాలి. 'ది నైట్ విండ్', 1918. మంచులో చిన్న ఇల్లు, కిటికీలో పసుపు వెలుగు, ఇంటి వెనక గాలి నల్లటి భూతంలా లేచి వస్తుంటుంది. 2022 డిసెంబర్‌లో ఇక్కడ వచ్చిన మంచుతుఫాను గుర్తుందా, వార్తల్లో కూడా చూపించారు. ఎయిర్‌పోర్టు దగ్గరే 50 అంగుళాలకి పైగా మంచు పడింది. ఆ రాత్రి మాకు కరెంటు పోయింది, ముగ్గురం ఒకే రగ్గు కింద కూర్చున్నాం. గాలి ఈల వేస్తుందంటారు గానీ ఆ రాత్రి వేసింది ఈల కాదు. దాన్ని ఏమనాలో అప్పట్నుంచీ తెలీలేదు. ఈ బొమ్మలో ఉంది.

జూన్‌లో ఒకరోజు వెస్ట్ సెనెకాలో ఆయన పేరున్న ప్రకృతి పార్కుకి వెళ్ళాం. 29 ఎకరాలు, పక్కనే బఫెలో క్రీక్. ఉప్పుడుపిండి, పెరుగు డబ్బా తీసుకెళ్ళాం. దోమలు. మా చిన్నోడు బురదలో ఒక షూ పోగొట్టుకున్నాడు. చెప్పుకోవాల్సినంత వీడియో రాలేదు, రెండు క్లిప్పులు పెడతాను.

2009, 10 సంవత్సరాల్లో రాబర్ట్ గోబర్ అనే శిల్పి ఈయన బొమ్మలు పోగేసి లాస్ ఏంజెలెస్‌లో, బఫెలోలో, న్యూయార్క్ విట్నీ మ్యూజియంలో పెద్ద ప్రదర్శన పెట్టించాడు. అప్పుడు చాలామంది, అరె, ఈయనెవరు అని కళ్ళు తెరిచారట. నాకు ఇంకో పదిహేనేళ్ళు పట్టింది, ఒక ఫైన్ నోటీసు కావలసి వచ్చింది.

నోటీసు సంగతి అడుగుతారు కదా. ముందు లాన్‌కి మందు కొట్టేశాం, తప్పలేదు. వెనక కంచె పక్కన రెండు గజాలు మాత్రం అమ్మ కొట్టనివ్వలేదు. "బాబూ, అది రోడ్డుకి కనపడదులే" అని అల్లుడితో మెత్తగా చెప్పింది. అత్తగారు మెత్తగా చెప్తే ఆయన ఇంకేం అంటారు.

ఇవాళ ఆగస్టు, ఆదివారం, సాయంత్రం ఆరున్నర. అమ్మ వచ్చే వారం వెళ్ళిపోతోంది. అదిగో, ఆ కంచె దగ్గర కుర్చీ వేసుకుని కూర్చుంది. పురుగులు మొదలెట్టాయి. మైక్ ఇక్కడ గడ్డిలో పెడుతున్నాను, ఒక్క నిమిషం నేను మాట్లాడను, వినండి.

...

అయ్యో. పక్కింటాయన గడ్డి కోసే మోవర్ స్టార్ట్ చేశాడండీ.