నాణెం పక్కన పుస్తకం

పెద్దలకు, మిత్రులకు, ముందు వరసలో కూర్చున్న పిల్లలకు నమస్కారం.

నాణేలు పోగుచేసేవాళ్లు ఎక్కడ కనిపించినా మొదట ఎదురయ్యే ప్రశ్న, "ఇది ఎంత పలుకుతుంది?" అడగడంలో తప్పేమీ లేదు. అయితే పాత నాణెం అరచేతిలో పెట్టుకున్నప్పుడు కలిగే ఆనందంలో ధరది చిన్న వాటా. మిగతాదంతా దాన్ని చదవడంలోనే ఉంది. ఆ చదువు పుస్తకాలు తోడు లేకుండా రాదు.

1906లో నాసిక్ దగ్గర జోగల్‌తంబి అనే ఊళ్లో ఒకేచోట పదమూడు వేలకు పైగా వెండి నాణేలు బయటపడ్డాయి. అన్నీ పశ్చిమ భారతాన్ని ఏలిన శక రాజు, క్షహరాత వంశపు నహపానుడివి. ఒకవైపు ఆయన ముఖం, దాని చుట్టూ గ్రీకు అక్షరాలు. రెండోవైపు బ్రాహ్మీ, ఖరోష్ఠీ లిపులు. వాటిలో మూడింట రెండు వంతులకు మించి నాణేల మీద మరో రాజు తన ముద్ర కొట్టించాడు. ఆయనే మన శాతవాహన రాజు గౌతమీపుత్ర శాతకర్ణి. పాత నాణేలను కరిగించకుండా, వాటి మీదే తన చైత్యం గుర్తు (కొండలా పేర్చిన వంపులు), ఉజ్జయినీ గుర్తు (నాలుగు చివర్లా గుండ్రాలున్న కూడిక గుర్తు) వేయించాడు. చాలా నాణేల మీద పాత ముద్ర పూర్తిగా చెరగలేదు. కొత్త గీతల కింద నహపానుడి ముఖం ఇంకా కనిపిస్తూనే ఉంటుంది.

ఇప్పుడు నాసిక్ గుహలోని గౌతమీ బాలశ్రీ శాసనం తెరవండి. తన కొడుకు గౌతమీపుత్రుడు ఖఖరాత వంశాన్ని, అంటే ఆ క్షహరాతులనే, మిగలకుండా చేశాడని ఆ తల్లి చెప్పించుకుంది. కన్నతల్లి పొగడ్త కదా, ఎంతవరకు నమ్మాలి అని ఎవరికైనా అనిపిస్తుంది. ఆ నాణేలు చూశాక ఆ అనుమానానికి చోటు తక్కువ. శాసనం పాఠం, నాణెం బొమ్మ పక్కపక్కన పెట్టుకుని కూర్చున్న రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

మన గోదావరి ఒడ్డున కోటిలింగాల ఉంది. శాతవాహనుల మొదటి రాజు పేరు ఒక్కో పురాణంలో ఒక్కోలా ఉంటుంది. శిశుకుడని ఒకచోట, సింధుకుడని ఒకచోట, శిప్రకుడని ఇంకోచోట. తాటాకుల మీద ఎత్తి రాసేవాళ్ల చేతుల్లో పేరు అలా మారిపోతూ వచ్చింది. నాణెం మీద అచ్చు పడ్డ పేరును రాతగాళ్లెవరూ అలా మార్చలేరు. కోటిలింగాలలో దొరికిన నాణేల మీద శాసన పరిశోధకులు పి.వి. పరబ్రహ్మశాస్త్రిగారు 'ఛిముక' అన్న పేరు చదివారు. అక్కడే గోభద, నారన, కంవాయ, సమగోప అనే రాజుల నాణేలూ దొరికాయి. ఈ పేర్లు పురాణాల రాజుల పట్టికల్లో లేవు. నాణేలే లేకపోతే గోదావరి తీరాన వీళ్లు ఏలారన్న సంగతే మనకు తెలిసేది కాదు. నాకు అన్నిటికన్నా ఇష్టమైన నాణేలు ఇవే.

ఇలాంటివి చదవాలంటే కేటలాగులు కావాలి. ఆంధ్ర రాజుల, అంటే శాతవాహనుల, నాణేల మీద బ్రిటిష్ మ్యూజియం కోసం రాప్సన్ అనే ఇంగ్లీషు పండితుడు తయారుచేసిన కేటలాగు 1908లో వచ్చింది. ఇప్పుడు ఇంటర్నెట్‌లో ఉచితంగా చదువుకోవచ్చు. అంత పాత పుస్తకం ఎందుకంటారా? సీసపు నాణెం మీద ముద్ర చాలాసార్లు పక్కకు జరిగి పడుతుంది, సగం అక్షరాలు అంచు దాటిపోతాయి. ఒకదాని మీద 'రఞో' (ప్రాకృతంలో 'రాజు యొక్క') మాత్రమే ఉంటుంది, ఇంకోదాని మీద రాజు పేరు చివర మాత్రమే. అలాంటివి ఎన్నో పక్కపక్కన పెట్టి పూర్తి పాఠం కూర్చి ఇస్తుంది కేటలాగు. మీ దగ్గర ఉన్న ముక్క ఆ పాఠంలో ఎక్కడిదో వెతికి పట్టుకున్నప్పుడు కలిగే సంతోషం నేను మాటల్లో చెప్పలేను. తూర్పు తీరంలో దొరికే రెండు తెరచాపకొయ్యల ఓడ బొమ్మ నాణేలను కూడా నేను అలాగే గుర్తుపట్టడం నేర్చుకున్నాను.

పాతవి దొరకని పిల్లలు నిజాం కాలపు చార్మినార్ నాణేలతో మొదలుపెట్టండి. చార్మినార్ బొమ్మ ద్వారంలో 'మీమ్' అనే ఉర్దూ అక్షరం ఉంటే మహబూబ్ అలీ ఖాన్‌ది, 'ఐన్' ఉంటే ఉస్మాన్ అలీ ఖాన్‌ది. అదీ కుదరకపోతే మీ జేబులో ఉన్న రూపాయి తీసి సంవత్సరం కింద చూడండి. నక్షత్రం ఉంటే అది హైదరాబాద్ టంకశాలలో తయారైంది.

ఒక్క మాట మాత్రం గట్టిగా చెప్పాలి. పొలంలో పాత నాణేలు దొరికితే తలా కొన్ని పంచుకోకండి. 1878 నాటి నిధుల చట్టం ప్రకారం కలెక్టర్‌కు తెలియజేయాలి. చట్టం సంగతి అటుంచినా, జోగల్‌తంబి కుప్ప మొత్తం ఒకేచోట పరిశీలనకు రాబట్టే ఎన్నిటి మీద రెండో ముద్ర ఉందో లెక్క తేలింది. విడివిడిగా అమ్ముడుపోయి ఉంటే ఆ లెక్క ఎవరికీ అందేది కాదు. ఇంకొకటి, చింతపండు పెట్టి తోమకండి. మెరుపు వస్తుంది, అక్షరం పోతుంది.

బల్ల మీద కొన్ని నాణేలు, రెండు భూతద్దాలు, రాప్సన్ బొమ్మల పేజీల ప్రింట్లు ఉంచాను. అంచులు పట్టుకుని చూడండి, సీసపువి ముట్టుకున్నాక చేతులు కడుక్కోండి. పిల్లలు ముందు రండి.