మొక్క తర్వాత, ముందు మట్టి

(కాటేదాన్ దగ్గరి ఒక బస్తీలో మొక్కలు నాటే కార్యక్రమంలో విశ్రాంత ఉపాధ్యాయురాలి ప్రసంగం)

వేదిక మీదున్న పెద్దలకు, కాలనీ సంఘం వారికి, ఎండలో నిలబడ్డ తల్లులకు నమస్కారం. అందరి పేర్లూ చదవమని చీటీ ఇచ్చారు. ఏమనుకోకండి, చదవడం లేదు. చెప్పాల్సింది చాలా ఉంది.

మొదటి మొక్క నన్ను నాటమన్నారు. ఈ గ్రౌండ్‌లో ఇదివరకు ఏముండేదో మీలో సగం మందికి తెలుసు. రేకుల షెడ్డు. పాత బ్యాటరీలు పగలగొట్టి, యాసిడ్ మోరీలో పారబోసి, లోపలి సీసం ప్లేట్లు బట్టీలో కరిగించేవారు. రాత్రంతా పొగ. తెల్లారి చూస్తే ఆరేసిన బట్టల మీద బూడిద. తిరగ్గా తిరగ్గా షెడ్డు మూయించారు. ఆ తర్వాత నాలుగు ట్రాక్టర్ల మొరం పోసి, రోలర్ తిప్పి, క్లీన్ అయిపోయిందన్నారు. ఆ కాగితం నా దగ్గరుంది. అందులో మట్టి పరీక్ష అన్న మాటే లేదు.

సీసం కుళ్లిపోయేది కాదు, ఎండకు ఎగిరిపోయేదీ కాదు. పైమట్టిని పట్టుకుని ఏళ్ల తరబడి ఉంటుంది. మొరం నాలుగు వానలకు కొట్టుకుపోతుంది. పిల్లలు గోళీలాటకు గుంత తవ్వినా కిందిది పైకొస్తుంది.

నా క్లాసులో ఒక పిల్లాడుండేవాడు. మూడో తరగతిలో నేను బోర్డు మీద లెక్క పూర్తి చేసేలోపే జవాబు చెప్పేవాడు. అయిదో తరగతికి వచ్చేసరికి ఎక్కాలు మరిచిపోయాడు. కడుపునొప్పి అనేవాడు. మొహం పాలిపోయింది. బద్ధకం అనుకుని గోడకుర్చీ వేయించాను. నేనే వేయించాను. ఒక డాక్టరమ్మ అడిగిన మొదటి ప్రశ్న, "నాన్న ఏం పని చేస్తాడు?" అని. నాన్న ఈ బట్టీలోనే పని. ఆ బట్టలతోనే ఇంటికొచ్చి కొడుకును పక్కలో వేసుకుని పడుకునేవాడు. రక్తపరీక్షలో సీసం బయటపడింది. ఆ గోడకుర్చీ నాకు ఇప్పటికీ నిద్రలో కనిపిస్తుంది.

అమ్మా, మీరు వినండి. పెద్దవాళ్ల కంటే పిల్లల ఒంట్లోకి సీసం నాలుగైదు రెట్లు ఎక్కువగా ఎక్కుతుంది. ఆకలి కడుపైతే ఇంకా ఎక్కువ. ఇంతవరకు పర్వాలేదు అనే మోతాదే లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది. కాల్షియం అనుకుని ఎముక దాన్ని దాచుకుంటుంది, దశాబ్దాల పాటు. ఆడపిల్ల కడుపుతో ఉన్నప్పుడు అది కరిగి బిడ్డకు చేరుతుంది. నెల తప్పాక మన్ను, బలపాలు తినబుద్ధవుతుంది కదా, ఈ మన్ను మాత్రం ముట్టనివ్వకండి.

నేను ఊహించి చెప్పడం లేదు. ఉప్పల్‌లోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ (ఎన్‌జీఆర్‌ఐ) శాస్త్రవేత్తలు ఈ కాటేదాన్ మట్టినే పరీక్షించి, సీసం, క్రోమియం, ఆర్సెనిక్ ఉన్నాయని 2008లోనే ప్రచురించారు. అమెరికాలో లాస్ ఏంజలెస్ పక్కన వెర్నన్‌లో ఇలాంటి బ్యాటరీ ఫ్యాక్టరీ 2015లో మూతపడింది. అక్కడ ఇళ్ల ముందు మట్టి తవ్వి ఎత్తుకెళ్లారు. అయినా బాగుచేశామన్న ఇళ్లలో మళ్లీ చూస్తే చాలాచోట్ల సీసం వాళ్ల పరిమితి 80 పీపీఎం, అంటే పది లక్షల పాళ్ల మట్టిలో 80 పాళ్లు, దాటే ఉంది. తవ్వినచోటే అలా ఉంటే, మనకు తవ్వనే లేదు!

ఈ మట్టిని తీసి దుండిగల్‌లోని ప్రమాదకర వ్యర్థాల కేంద్రానికి పంపాలి. చుట్టుపక్కల ఇళ్లలో దుమ్మును చీపురుతో లేపకుండా తడిగుడ్డతో తుడవాలి. పిల్లలందరికీ రక్తపరీక్ష చేయాలి. కలుషిత స్థలాల కోసం కేంద్రం 2025 జులైలో నిబంధనలు కూడా తెచ్చింది. మన గ్రౌండ్‌ను ఆ జాబితాలోకి ఎక్కించమని అడుగుతున్నాను.

ఆ గడ్డపార పక్కన పెట్టు నాయనా. ఈ రోజు నేను తవ్వను, ఎవరినీ తవ్వనివ్వను. ఈ సంచిలో ఏడు పొట్లాలున్నాయి. గ్రౌండ్‌లో నాలుగు మూలలా, మోరీ పక్కన, అంగన్‌వాడీ గుమ్మం ముందు, బోరింగ్ దగ్గర తీసిన మట్టి. దేని మీద దాని చోటు రాశాను. సార్, పొట్లాలు అందాయని ఈ కాగితం మీద సంతకం పెట్టి, ల్యాబ్‌కు ఏ రోజు పంపుతారో తేదీ వేయండి. మొక్కలు చెట్టు నీడన పెట్టి నీళ్లు చల్లుతాం. మీ రిపోర్టు వచ్చేదాకా నేనే చూసుకుంటాను.