తక్కువ ధర ఫోన్‌ని మా బాబాయి చేతికి తగ్గట్టు ఇలా సెట్ చేశా

అందరికీ నమస్కారం అండీ. వినపడుతోంది కదా? సరే, ఇదిగో ఈ ఫోన్ చూడండి. 6,800 రూపాయలకి కొన్నాం. ర్యామ్ 3 జీబీ, స్టోరేజ్ 64 జీబీ, అంతే. ఇది మా బాబాయిది. పొదలకూరు దగ్గర ఆయనకి నిమ్మతోట ఉంది. ఆయనకి కావాల్సినవి నాలుగే. ఫోన్ మాట్లాడాలి, మార్కెట్‌లో రేటు తెలియాలి, డబ్బులు పడ్డాయో లేదో చూసుకోవాలి, బెంగళూరులో ఉన్న మనవరాలితో వీడియో కాల్ మాట్లాడాలి. ఈ నాలుగింటికీ ఈ ఫోన్ చాలండీ. అప్పు చేసి ముప్పై వేల ఫోన్ కొనద్దు.

ముందు అక్షరాలు పెద్దవి చేద్దాం. సెట్టింగ్స్, డిస్‌ప్లే, ఫాంట్ సైజ్, ఇదిగో ఇలా జరపండి. భాష తెలుగులో పెట్టండి. అయిపోయింది. ఇవి మీకు తెలిసినవే.

ఇప్పుడు అసలు సంగతి. ఇక్కడ కొంచెం ఆగండి, నేను నెల రోజులు అవస్థ పడింది ఇక్కడే.

కొన్న వారానికే బాబాయి వచ్చి, "అబ్బయా, ఈ ఫోన్ పాడైపోయింది, వాట్సాప్ కనపడటం లేదు" అన్నాడు. చూస్తే ఐకాన్ ఎక్కడో మూడో పేజీలో ఉంది. ముందుకి తెచ్చి ఇచ్చా. రెండు రోజులకి మళ్లీ వచ్చాడు. ఈసారి ఐకాన్ అసలు లేనే లేదు. ఫోనే మంచిది కాదేమో అనుకుని నెల్లూరు తీసుకెళ్లి ఒక షాపులో చూపించా. వాళ్లు రీసెట్ కొట్టి ఇచ్చారు. మనవరాలి ఫొటోలన్నీ పోయాయి. వారం తిరక్కుండా మళ్లీ అదే కథ.

అప్పుడు పక్కన కూర్చుని ఆయన వేలు చూశానండీ. నిమ్మ ముళ్లు గీసుకుని గీసుకుని, తోలు గట్టిపడిపోయిన వేలు. ఆ వేలు స్క్రీన్ మీద ఆనించి, యాప్ తెరుచుకునేదాకా తీయడు. మోటార్ స్టార్టర్ బటన్ నొక్కినట్టు నొక్కిపట్టుకుంటాడు. ఫోనేమో దాన్ని లాంగ్ ప్రెస్ అనుకుంటుంది. ఐకాన్ కదిలి వేలితో పాటు వచ్చేస్తుంది. ఫోన్ తప్పూ లేదు, మా బాబాయి తప్పూ లేదు.

దీనికి సెట్టింగ్ ఉంది. చూడండి, సెట్టింగ్స్‌లో యాక్సెసిబిలిటీ. దాంట్లో టచ్ అండ్ హోల్డ్ డిలే. కనపడకపోతే పైన సెర్చ్‌లో టచ్ అని కొట్టండి, వస్తుంది. ఒక్కో కంపెనీ ఒక్కో చోట పెడుతుంది. ఇక్కడ షార్ట్ అని ఉంది కదా, దీన్ని లాంగ్ చేయండి. మళ్లీ చూపిస్తా, ఇదిగో, లాంగ్. ఇప్పుడు వేలు కాసేపు ఆనించినా ఐకాన్ కదలదు. ఇంకోటి, హోమ్ స్క్రీన్ సెట్టింగ్స్‌లో లేఅవుట్ లాక్ ఉంటే అదీ ఆన్ చేయండి. చాలా ఫోన్లలో ఉంటుంది. ఈ రెండూ చేశాక బాబాయి ఫోన్ పట్టుకుని నా దగ్గరికి రాలేదు.

తర్వాత వాట్సాప్. మెమరీ నిండిపోయేది దీనివల్లే. పొద్దున్నే గుడ్ మార్నింగ్ బొమ్మలు, దేవుడి వీడియోలు అన్నీ వాటంతటవే దిగిపోతుంటాయి. వాట్సాప్‌లోనే సెట్టింగ్స్, స్టోరేజ్ అండ్ డేటా, మీడియా ఆటో డౌన్‌లోడ్. మొబైల్ డేటా, వైఫై, రోమింగ్, మూడింట్లోనూ టిక్కులు తీసేయండి. కావాల్సింది నొక్కితే దిగుతుంది. క్లీనర్ యాప్‌లు మాత్రం వేయద్దండీ. నేనైతే ఫైల్స్ బై గూగుల్ ఒక్కటే ఉంచుతా.

టైపింగ్ రాదు అంటారా? కీబోర్డ్ మీద ఈ మైకు నొక్కి తెలుగులో చెప్పండి. నేను వాడేది జీబోర్డ్, తెలుగు బాగానే పడుతుంది. "లూజు ఎంత పలికింది?" అని, అంటే నిమ్మకాయల బస్తా రేటు అడిగితే అదే రాసుకుంటుంది, మీరు పంపడమే.

ఇక యూపీఐ. రెండు సిమ్‌లుంటే చూసుకోండి. బ్యాంకులో ఇచ్చిన నంబరు ఏ సిమ్‌లో ఉందో, వెరిఫికేషన్ మెసేజ్ ఆ సిమ్ నుంచే వెళ్లాలి. ఆ సిమ్‌కి రీఛార్జ్ అయిపోయి ఉంటే మెసేజ్ వెళ్లదు, వెరిఫికేషన్ అవ్వదు. ముందు రీఛార్జ్ చేయించి కూర్చోండి.

దండం పెట్టి చెప్తున్నా, ఈ ఒక్కటి మీ ఇంట్లో పెద్దవాళ్లకి చెప్పండి. మనకి డబ్బులు రావడానికి పిన్ అక్కర్లేదు. స్కాన్ చేసి పిన్ కొట్టండి, మీకు డబ్బులు పడతాయి అని ఎవరన్నా అంటే అది మోసం. పొరపాటున పోతే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. బాబాయి ఫోన్ కవర్ వెనక 1930 అని కాగితం రాసి పెట్టా, ఇదిగో.

కరెంటు బిల్లుకి వేరే యాప్ వేయలేదు. మన ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వానిది మన మిత్ర అని వాట్సాప్ సేవ ఉంది కదా, 2025 జనవరిలో మొదలైంది. 9552300009 సేవ్ చేసుకుని వాట్సాప్‌లో హాయ్ అని పంపితే అదే అడుగుతుంది ఏం కావాలో. మెమరీ తక్కువున్న ఫోన్‌కి ఇదే మేలు.

చివరిది డైరెక్ట్ డయల్. హోమ్ స్క్రీన్‌లో ఖాళీ చోట నొక్కిపట్టండి, విడ్జెట్స్, కాంటాక్ట్స్, డైరెక్ట్ డయల్. లేఅవుట్ లాక్ చేసి ఉంటే ముందు తీయండి, తర్వాత మళ్లీ వేయండి. నా పేరు ఎంచుకున్నా. నా ఫొటో వచ్చింది చూశారా? దీన్ని ఒక్కసారి నొక్కితే నాకే కాల్ వస్తుంది. బాబాయ్, ఇటు రా, ఈ ఫొటో మీద నొక్కు. నొక్కి వేలు తీసెయ్. ఆఁ... అదిగో, నా ఫోన్ మోగుతోంది.