మా చిన్నాన్న ముక్కు

అందరికీ నమస్కారం. వేదిక మీదున్న పెద్దలందరినీ పేరుపేరునా పలకరించాలి గానీ, అలా మొదలుపెడితే నాకిచ్చిన ఇరవై నిమిషాల్లో పది దానికే పోతాయి. పైగా వెనకాల పులిహోర కలుపుతున్నారు. ఇంగువ వాసన ఇక్కడిదాకా వస్తోంది, మీ చూపులన్నీ అటే ఉన్నాయి. ఆ వాసన సంగతి కాస్త గుర్తుపెట్టుకోండి, మళ్లీ దాని దగ్గరికే వస్తాను.

విశ్వకర్మ జయంతి కదా, ఇంట్లో హాబీగా వడ్రంగం ఎలా మొదలుపెట్టాలో చెప్పమన్నారు. కాగితం రాసుకొచ్చాను. ఏ రంపం కొనాలి, ఏ డ్రిల్ కొనాలి, అన్నీ అందులో ఉన్నాయి. కానీ పొద్దున్నే మన వీధిలో ఒక అబ్బాయి షెడ్డు చూశాను. పాపం, జీతంలో దాచుకుని నలభై వేలు పెట్టి మెషీన్లు కొన్నాడు. ఎండీఎఫ్ షీటు, అంటే చెక్క పిండిని జిగురుతో అదిమి చేసే పలక, కోస్తున్నాడు. మొహానికి చేతిరుమాలు కట్టుకున్నాడు! అదేంటి నాన్నా అంటే, "మాస్క్ పెట్టుకుంటే ఊపిరాడదు అంకుల్, అయినా పొట్టే కదా" అన్నాడు. అందుకని ఆ కాగితం జేబులోనే ఉంచేశాను. చెక్క దుమ్ము గురించి, దానికి పెట్టుకునే మాస్కు గురించి మాట్లాడతాను. కార్యదర్శిగారు కోప్పడకూడదు.

మాది వడ్రంగుల ఇల్లు. నేను లెక్కల మాస్టారినయ్యాను గానీ, మా నాన్న తలుపులు, ద్వారబంధాలు, నాగళ్లు చేసేవాడు. ఆయనది చిత్రిక పని. హైదరాబాద్ మేస్త్రీలు రందా అంటారు చూడండి, అదే. చిత్రిక పడితే చెక్క ఉంగరాలు ఉంగరాలుగా చుట్టుకుని కింద పడుతుంది. పిల్లలం వాటిని చెవులకి పెట్టుకుని ఆడేవాళ్లం. ఆ పొట్టు కాళ్ల కింద ఉంటుంది, ముక్కులోకి రాదు. మా చిన్నాన్న మాత్రం టౌన్లో ఒక ఫర్నిచర్ షాపులో చేరాడు. రేకుల షెడ్డు, ఒకటే కిటికీ, గరుకు కాగితంతో చెక్కని నున్నగా అరగదీసే బెల్ట్ సాండర్ మెషీన్. ఇరవై ఆరేళ్లు పేపర్ కొట్టాడాయన. రక్షణ అంటే భుజం మీది తువ్వాలు. ఉదయం తెల్లగా కట్టుకునేది సాయంత్రానికి బెల్లం రంగుకి తిరిగేది. "చూడరా, దుమ్మంతా తువ్వాలే పట్టేసింది" అని మురిసిపోయేవాడు. అది పట్టింది కనిపించే దుమ్ము. కనిపించనిది ఎక్కడికి పోయిందో మాకు చాలా ఏళ్లకి తెలిసింది.

ఆయనకి ఒక విద్య ఉండేది. చెక్క ముక్క చేతికిస్తే అంచు మీద ఉలితో ఒక గీత గీసి ముక్కు దగ్గర పెట్టుకునేవాడు. టేకయితే ముసలిదా లేతదా, ఇరుగుడయితే చేవ ఎంత, అన్నీ వాసనతోనే చెప్పేవాడు. సామిల్లు వాళ్లు కూడా ఆయనని పిలిపించుకునేవాళ్లు. ఒకసారి పాత ఇల్లు కూలగొట్టిన చోట దొరికిన పలక ఒకటి తీసుకెళ్లాను. ఎప్పటిలాగే ఉలితో గీశాడు. ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. ఇంకో గీత గీశాడు. మళ్లీ వాసన చూశాడు. తర్వాత పలక పక్కన పెట్టి, "చూపు ఆనడం లేదురా, లైటు దగ్గరికి తీసుకురా" అన్నాడు.

చూపుకి ఏమీ కాలేదు. ఆ మాట నాతో అనలేకపోయాడంతే. పిన్ని తర్వాత చెప్పింది, పప్పు మాడి ఇల్లంతా కమురు కంపు కొడుతున్నా ఆయన పక్కనే కూర్చుని పేపర్ చదువుకుంటున్నాడట. ముక్కు డాక్టరు మొదట అడిగింది సిగరెట్ల గురించి. ఆయన జన్మలో బీడీ కూడా ముట్టలేదు. ఇలాంటి పులిహోర తిన్నా ఆయనకి పులుపు, కారం తెలిసేవి తప్ప ఇంగువ తెలిసేది కాదు. పదకొండేళ్లు అలా బతికి పోయాడు.

మా ఇంటి సంగతి ఒక్కటే అయితే మీకు చెప్పేవాడిని కాదు. ఇంగ్లండులో హై వికమ్ అని కుర్చీల తయారీకి పేరున్న ఊరు. 1960లలో అక్కడి ఫర్నిచర్ పనివాళ్లకి, మామూలుగా చాలా అరుదైన ముక్కు క్యాన్సర్ ఎక్కువగా వస్తోందని డాక్టర్లు గమనించారు. 1995లో అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ చెక్క దుమ్మును మొదటి గ్రూపులో, అంటే మనుషుల్లో క్యాన్సర్ కలిగిస్తుందని రుజువైన వాటిలో చేర్చింది. పొగాకు ఉన్నది కూడా ఆ గ్రూపులోనే. అలాగని రేపే ఏదో అయిపోతుందని టెన్షన్ పడకండి, ఏళ్ల తరబడి పీల్చిన వాళ్ల మాట అది. యూరప్ దేశాల్లో ఫ్యాక్టరీ గాలిలో గట్టి చెక్క దుమ్ము ఘనపు మీటరుకి 2 మిల్లీగ్రాములు దాటకూడదని పరిమితి పెట్టారు. మన ఇంటి వెనక షెడ్డుకి ఏ పరిమితీ లేదు. చూడ్డానికి వచ్చే ఇన్‌స్పెక్టరు మన ఇంటావిడే.

ఇక్కడున్న మేస్త్రీలకి నా మనవి ఒకటుంది. "మా తాతలు మాస్కులు పెట్టుకున్నారా" అనకండి. తాతలది చిత్రిక, బాడిస. మనది సాండర్. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. మన వెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు. పదికి లోపున్న ధూళి గొంతు దాటుతుంది, నాలుగుకి లోపున్నది ఊపిరితిత్తుల అడుగుకి చేరుతుంది. సాండర్ కొట్టేది ఆ సన్నదాన్నే. ఎండీఎఫ్ అయితే అసలే పిండి, పైగా అందులో ఫార్మాల్డిహైడ్ అనే హానికరమైన రసాయనం ఉన్న జిగురు. మా షెడ్డు రేకుకి మేకు కన్నం ఒకటుంది. ఒకరోజు పని ఆపి, భోంచేసి, గంటన్నర తర్వాత వెళ్లాను. ఆ కన్నంలోంచి పడుతున్న ఎండలో దుమ్ము ఇంకా తిరుగుతూనే ఉంది. మెషీన్ ఆపగానే మాస్కు తీసేసేవాళ్లు, మాస్కు తీసి చీపురు పట్టేవాళ్లు ఈ సంగతి ఆలోచించండి. బ్లోయర్‌తో ఊదేవాళ్లకి నేనేమీ చెప్పను, దణ్ణం పెడతాను.

అసలు ముందు దుమ్మును పుట్టిన చోటే పట్టుకోవాలి. సాండర్‌కి వ్యాక్యూమ్ గొట్టం తగిలించాలి. కుదిరితే షెడ్డు బయట పని చేయాలి. మాస్కు ఆ తర్వాతది. మరి ఏ మాస్కు?

ఆపరేషన్ థియేటర్లో కట్టుకునే నీలం మాస్కు దీనికి పనికిరాదు, పక్కల నుంచి గాలి దూరుతుంది. ఎన్95 అంటే పరీక్షలో 0.3 మైక్రాన్ల కణాలను కనీసం 95 శాతం ఆపేది. మన భారతీయ ప్రమాణం ఐఎస్ 9473. ఆ ముద్రతో వచ్చే ఎఫ్ఎఫ్‌పీ2 అనే రకం మాస్కు కనీసం 94 శాతం ఆపుతుంది. గట్టి చెక్క, ఎండీఎఫ్ సాండింగ్‌కి బ్రిటన్ భద్రతాధికారులు ఇంకో మెట్టు పైన, ఎఫ్ఎఫ్‌పీ3 వాడమంటారు. మాస్కు బట్ట జల్లెడలాంటిది కాదు. చిన్నప్పుడు దువ్వెన తలకి రుద్ది కాగితం ముక్కలని లాగేవాళ్లం గుర్తుందా, ఆ విద్యుత్తే దాని పోగుల్లోనూ ఉంటుంది. కరోనా రోజుల్లో మా ఆవిడ అలాంటి మాస్కునొకదాన్ని సర్ఫ్‌లో నానబెట్టి ఆరేసింది. తెల్లగా తళతళలాడింది గానీ విద్యుత్తు పోయింది. దాన్ని ఉతకకూడదు.

వారానికి రెండు మూడు రోజులు పని చేసేవాళ్లయితే ముక్కూ నోరూ మాత్రమే కప్పే రబ్బరు హాఫ్ మాస్కు కొనుక్కోండి. ఫిల్టర్లతో కలిపి సుమారు రెండు మూడు వేలు అవుతుంది. నలభై వేల మెషీన్ పక్కన అదెంత? ఫిల్టరు మార్చుకుంటూ ఏళ్లు వాడొచ్చు. ఊపిరాడదన్న అబ్బాయికి కూడా ఇదే సుఖం, వదిలిన గాలి వాల్వులోంచి పోతుంది, కళ్లజోడుకి ఆవిరి పట్టదు. ఒక్క మాట, పాలిష్, థిన్నర్ వాసన ఈ దుమ్ము ఫిల్టర్లకి ఆగదు. దానికి బొగ్గు కార్ట్రిడ్జ్ వేరే ఉంటుంది.

ఇప్పుడు గడ్డం గొడవ. నాకు తెలిసిన కుర్ర మేస్త్రీ ఒకడు ఏటా అయ్యప్ప మాల వేస్తాడు. నలభై ఒక్క రోజులు గడ్డం తీయడు. ఎంత మంచి మాస్కయినా గడ్డం మీద అతకదు, వెంట్రుకల సందుల్లోంచి గాలి లోపలికి వస్తుంది. "స్వామీ, గడ్డం తీయమని నేననను, ఆ మండలం పాటు సాండర్ ముట్టకు" అన్నాను. ఇప్పుడు దీక్షలో ఉన్నన్ని రోజులూ చిత్రిక, ఉలి పనులే ఒప్పుకుంటున్నాడు. పోయినేడు చేసిన దేవుడి మందసం మా ఇంట్లోనే ఉంది, వచ్చి చూడండి. ఫ్యాషన్‌కి పెంచే గడ్డాలు ఇక్కడ చాలా కనిపిస్తున్నాయి, వాటి గురించి మీ ఇళ్లలో అడగండి.

కార్యదర్శిగారు గడియారం చూపిస్తున్నారు. ఐదు నిమిషాలండీ, పులిహోర ఎక్కడికీ పోదు. ఈ డబ్బాలో ఇరవై మాస్కులు తెచ్చాను. చెవులకి తగిలించేవి కాదు, తల వెనక్కి రెండు పట్టీలు ఉన్నవి. అవే మొహానికి బిగుతుగా పడతాయి. ముందు వరసలో వాళ్లు తలా ఒకటి తీసుకోండి. ముక్కు మీది పట్టీని రెండు చేతుల వేళ్లతో నొక్కండి. ఒంటి చేత్తో గిల్లితే మధ్యలో మడత పడి సందు మిగులుతుంది. ఇప్పుడు రెండు అరచేతులతో మాస్కు కప్పి, గట్టిగా ఊపిరి వదలండి. కళ్ల దగ్గర గాలి ఎవరికి తగిలింది? చేతులెత్తండి.

ఇంతమందా! మేస్త్రీగారూ, మీది తిరగబడింది. కింది పట్టీ మెడ వెనక్కి, పై పట్టీ నడినెత్తి మీదికి. ఆ, అలాగ. ఇప్పుడు మళ్లీ ఊదండి.