కారే ఇల్లయినవాళ్లకు ముందుగా ఏం కావాలి?

అందరికీ నమస్కారం.

ఇల్లు లేనివాళ్లకు సాయం అనగానే మనకు భోజనాలు, దుప్పట్లు గుర్తొస్తాయి. అవి కావలసినవే, ఆపమని అనను. ఈ రోజు మాత్రం కార్లలో, వ్యాన్లలో కాపురం ఉంటున్నవాళ్ల గురించి మాట్లాడతాను. వాళ్లు మన కంటికి ఆనరు. పొద్దున పనికి వెళ్తారు, పిల్లల్ని బడిలో దింపుతారు. చీకటి పడ్డాక ఏ వీధిలో ఆపితే ఎవరూ అద్దం తట్టకుండా ఉంటారో అని వెతుక్కుంటారు.

అమెరికాలో 2024 జనవరిలో, ఒక్క రాత్రి తీసిన లెక్కలో 7,71,480 మంది ఇల్లు లేనివాళ్లు తేలారు. కార్లలో పడుకునేవాళ్లూ ఆ లెక్కలోకే వస్తారు. కానీ ఎవరి కంటా పడకుండా ఉండటమే వాళ్లు తీసుకునే జాగ్రత్త. అందుకే లెక్కకు అందనివాళ్లు చాలామందే ఉంటారని నా నమ్మకం.

సియాటిల్‌లో జరిగిన సంగతి చెబుతాను. చేతిపనులు చేసుకునే ఒకాయన తన ట్రక్కులోనే ఉండేవాడు. ఒకే చోట 72 గంటలకు మించి ఆపాడని 2016లో నగర అధికారులు దాన్ని టో చేయించారు, అంటే వేరే బండితో లాక్కుపోయారు. పనిముట్లన్నీ ట్రక్కులోనే ఉండిపోయాయి. పని చేద్దామంటే సామాను లేదు, రాత్రి పడుకోవడానికి నేల తప్ప చోటు లేదు. పైగా టోయింగ్ ఖర్చుల కింద 547 డాలర్లు, నెలకు 50 చొప్పున కట్టమన్నారు. చివరికి 2021లో వాషింగ్టన్ రాష్ట్ర సుప్రీంకోర్టు ఆ ట్రక్కు ఆయన ఇల్లేననీ, ఆ వసూలు ఆయన స్తోమతకు మించిందనీ తీర్పు చెప్పింది. తీర్పు మంచిదే. కానీ నిలువ నీడ లేని మనిషి అయిదేళ్లు ఎలా ఆగుతాడు?

అందుకే నేను అడిగేవి రెండు. ముందు వాళ్ల బండిని కాపాడదాం. రిజిస్ట్రేషన్ గడువు దాటితే బండిని రోడ్డెక్కించకూడదు, బ్యాటరీ చచ్చిపోతే అది కదలదు. కదలని బండిని టో చేస్తారు. దాంతో ఉద్యోగం కూడా పోతుంది. ఆ చిన్న ఖర్చు మనం భరిస్తే ఒక కుటుంబం రోడ్డున పడకుండా ఉంటుంది.

రెండోది, రాత్రి బండి ఆపుకోవడానికి చోటు. కాలిఫోర్నియాలోని శాంటా బార్బరాలో 2004 నుంచి ఈ పని జరుగుతోంది. దాన్ని సేఫ్ పార్కింగ్ అంటారు. చర్చిలు, ఆఫీసులు రాత్రిపూట ఖాళీగా ఉండే తమ స్థలాన్ని ఇస్తాయి. సాయంత్రం వచ్చి పొద్దున్నే వెళ్లిపోవాలి. ఒక్కో చోట కొద్ది బండ్లే కాబట్టి ఇరుగుపొరుగుకు ఇబ్బంది తక్కువ. ఇల్లు వెతికిపెట్టడానికి, కాగితాలు సరిచేయించడానికి ఒక మనిషి సాయంగా ఉంటారు. నిజానికి పని ముందుకు నడిచేది ఆ మనిషి వల్లే.

ఒక్క విషయంలో మాత్రం నాకు అభ్యంతరం ఉంది. చాలాచోట్ల రిజిస్ట్రేషన్, ఇన్సూరెన్స్ చూపిస్తేనే లోపలికి రానిస్తారు. అవి కట్టలేకే కదా వాళ్లు ఈ స్థితికి వచ్చింది! ముందు రానిచ్చి, ఆ కాగితాలు మనమే దగ్గరుండి చేయించాలి. లోపలే పడక, వంటగది ఉండే పెద్ద బండ్లను, అంటే ఆర్‌వీలను కూడా చాలాచోట్ల వద్దంటారు. మురుగు ఖాళీ చేసే ఏర్పాటు ఉంటే ఆ గొడవ చాలావరకు తీరుతుంది.

చట్టాన్ని నమ్ముకుని కూర్చోలేం. ఆశ్రయం చూపించకపోయినా, బయట పడుకున్నవాళ్లను నగరాలు శిక్షించవచ్చని 2024 జూన్‌లో అమెరికా సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. ఇక చేయాల్సింది ఊళ్లో ఉన్న మనమే.

మన హాలు వెనక పార్కింగ్ స్థలం రాత్రంతా ఖాళీగానే ఉంటుంది. దాన్ని నాలుగు బండ్లకు ఇవ్వడం, బాత్రూం తాళం ఎవరి దగ్గర ఉంచాలన్నది, ఈ రెండూ వచ్చే కమిటీ సమావేశంలో తేల్చమని కోరుతున్నాను. తాళం బాధ్యత నేను తీసుకుంటాను.