తుఫాను వేళ వాతావరణ ఆఫీసు డ్యూటీ చార్ట్: చెన్నై ఉదాహరణతో

[తెరపై: చెన్నై మ్యాపు. నుంగంబాకం, మీనంబాకం, హార్బర్, పళ్ళికరణై మీద ఎర్ర చుక్కలు]

నమస్కారం. నవంబరు వచ్చిందంటే చాలు, నెల్లూరు నుంచీ తిరుపతి నుంచీ చెన్నైలో ఉన్న మనవాళ్ళకి ఫోన్లు మొదలు: "అక్కడ వాన ఎలా ఉంది? తుఫాను అటా, ఇటా?" తమిళనాడు వైపు ఆ ప్రశ్నకి జవాబు తయారయ్యేది నుంగంబాకంలోని ప్రాంతీయ వాతావరణ కేంద్రంలో. ఆంధ్ర తీరం సంగతి విశాఖపట్నం తుఫాను హెచ్చరిక కేంద్రం చూసుకుంటుంది. తుఫాను ఎలా పుడుతుందో చెప్పే వీడియోలు చాలానే ఉన్నాయి. అది నాలుగైదు రోజులు సముద్రంలోనే తిరుగుతుంటే, ఇలాంటి ఆఫీసులో రాత్రింబవళ్ళు మనుషుల్ని ఎలా సర్దాలో ఇవాళ చూద్దాం.

ముందు ఒక లెక్క. వారానికి 168 గంటలు, అంటే 8 గంటల షిఫ్టులు 21. ఒక మనిషి వారానికి 5 షిఫ్టులు చేస్తాడనుకుంటే, ఒక్క సీటు ఖాళీ లేకుండా నడవడానికి నలుగురు చాలరు. సెలవులు, జ్వరాలు, శిక్షణలు కలుపుకుంటే ఐదుగురు కావాలి. మామూలు రోజుల్లో రెండు సీట్లతో నడిచే గదికి తుఫాను రోజున ఐదారు సీట్లు అవసరం. అప్పటికప్పుడు పాతికమందిని ఎవరూ పంపరు. ఉన్నవాళ్ళ నిద్రని ఎలా పంచుతామన్నదే అసలు ప్రశ్న, దాన్ని తేల్చుకోవాల్సింది అల్పపీడనం రోజునే.

[తెరపై: గోడ గడియారం. 2:30, 5:30, 8:30, 11:30 దగ్గర గీతలు]

ఈ గడియారం చూడండి. ప్రపంచమంతా ఒకేసారి వాతావరణం కొలిచే వేళలు మన టైములో ఇవి: తెల్లవారుజామున 2:30, 5:30, ఉదయం 8:30, 11:30, మళ్ళీ మధ్యాహ్నం 2:30 నుంచి రాత్రి 11:30 దాకా అవే అంకెలు. వాయుగుండం దశలో రోజుకి 5 బులెటిన్లు. తుఫానుగా మారిందంటే 3 గంటలకోసారి, అంటే 8. తీరానికి దగ్గరపడ్డాక గంటగంటకీ. వీటికి తోడు వచ్చే 3 గంటల్లో ఏ జిల్లాలో ఉరుములు, ఎక్కడ కుండపోత అని చెప్పే నౌకాస్ట్‌లు వేరే.

అందుకే షిఫ్టు మారే టైము ఉదయం 8:30కి పెట్టకూడదు. ఆ వేళకి వర్షమాపకాలు చదువుతున్నారు, వాన లెక్కలో రోజు మారేది కూడా అప్పుడే. వెళ్ళేవాడి మనసు ఇంటి మీద, వచ్చినవాడికి ఇంకా చార్టే తెరుచుకోలేదు. ఆ కాసేపట్లో తప్పు అంకె ఒకటి బులెటిన్లోకి దూరుతుంది. పొద్దున 7, రాత్రి 7 అయితే రెండు పరిశీలనల మధ్య సరిగ్గా సగంలో పడుతుంది. 12 గంటల షిఫ్టులు పెట్టినప్పుడు ఇదే అనువైన టైము. డ్యూటీ అందుకునే మనిషి, అంటే రిలీవర్, 6:30కే వచ్చి కూర్చోవాలి, ఆ అరగంట ఇద్దరూ ఒకే స్క్రీన్ చూడాలి.

ఇక సీట్లు. ప్రధాన ఫోర్‌కాస్టర్ పని, వాతావరణాన్ని ముందే లెక్కగట్టే కంప్యూటర్ మోడళ్ళనీ ఉపగ్రహ చిత్రాలనీ చూసి నిర్ణయం తీసుకోవడం. ఆయన చేతికి ఫోన్ ఇవ్వకూడదు. తుఫాను వేళ ఒక అనుభవజ్ఞుణ్ణి వృథా చేయడానికి ఇంతకన్నా సులువైన దారి లేదు: టీవీ వాళ్ళూ, కలెక్టరేట్లూ, పోర్టూ వరసగా అడుగుతుంటే ఆయన చెప్పిందే చెబుతూ కూర్చుంటారు, ఈలోగా మేఘాల మధ్యభాగం ఎటు జరిగిందో చూసేవాడుండడు. ఫోన్లకి వేరే మనిషిని పెట్టి, తాజా బులెటిన్ ప్రింటు అతని ముందు ఉంచాలి. అందులో లేని మాట ఒక్కటి కూడా అతను చెప్పకూడదు.

రెండో సీటు రాడార్‌ది. దీని గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి.

[తెరపై: రెండు రాడార్ చిత్రాలు పక్కపక్కన]

చెన్నైలో రేడియో తరంగాలతో వానని పసిగట్టే డాప్లర్ రాడార్లు రెండున్నాయి. హార్బర్ దగ్గరున్నది ఎస్ బ్యాండ్, దాని తరంగం పొడవు సుమారు 10 సెం.మీ. పళ్ళికరణైలో ఉన్నది ఎక్స్ బ్యాండ్, సుమారు 3 సెం.మీ. పొట్టి తరంగం దగ్గర్లో ఉన్నవాటిని బాగా చూపిస్తుంది కానీ, జోరువాన అడ్డొస్తే అందులోనే బలం కోల్పోతుంది. దాంతో కుండపోతకి అవతలి వైపు చిత్రంలో రంగు పలచబడుతుంది. రాత్రంతా మేలుకున్న కళ్ళకి అది "వాన తగ్గుతోంది" అన్నట్టే కనిపిస్తుంది. నిజానికి అక్కడ వాన తగ్గలేదు, రాడార్ చూపు అక్కడిదాకా అందలేదు. అదే చోటుని హార్బర్ రాడార్‌లోనూ, శ్రీహరికోట రాడార్‌లోనూ సరిచూశాకే తగ్గిందని రాయాలి. 10 నిమిషాలకో చిత్రం చొప్పున 12 గంటల షిఫ్టులో ఒక రాడార్ నుంచే 72 చిత్రాలు వస్తాయి. ఒకే మనిషి అన్నీ శ్రద్ధగా చూడలేడు. రెండు గంటలకోసారి రాడార్ సీటునీ బులెటిన్ రాసే సీటునీ మార్చుకోవాలి. తెల్లవారుజామున 3 నుంచి 5 మధ్య మనిషి చురుకుదనం అడుగంటుతుంది కాబట్టి, ఆ రెండు గంటలూ కొత్తవాణ్ణి ఒంటరిగా కూర్చోబెట్టకూడదు.

బయట కొలతలు తీసేవాళ్ళని చాలామంది లెక్కలోకి తీసుకోరు. ఈ వర్షమాపకం చూడండి.

[తెరపై: వర్షమాపకం మూత తీసి, లోపలి సీసా దగ్గరగా]

నోరు 200 చదరపు సెంటీమీటర్లు, లోపల 4 లీటర్ల సీసా అనుకుందాం. గుణిస్తే తెలుస్తుంది: 20 సెం.మీ. వానకి ఈ సీసా నిండిపోతుంది. 2015 డిసెంబరు 1 నాటి వానలో తాంబరంలో 49 సెం.మీ. నమోదైంది. అంత వానకి ఈ మూతి కిందకి 9.8 లీటర్ల నీళ్ళు దిగుతాయి. పొద్దున 8:30కే చూద్దామని వదిలేస్తే సీసా పొంగి, అసలు లెక్క మట్టిలో కలిసిపోతుంది. కాబట్టి 3 గంటలకోసారి కొలిచి, రాసి, పారబోసి, సీసాని మళ్ళీ పెట్టడానికి అక్కడ మనిషుండాలి. గొడుగు పనికిరాదు. రెయిన్‌కోటు, టార్చి, తడిస్తే చెదరని పెన్సిలు ఇవ్వాలి. మీనంబాకంలో పైగాలిని కొలవడానికి బెలూన్ వదిలే పనీ ఇలాంటిదే. ఉదయం 5:30, సాయంత్రం 5:30 పరిశీలనల కోసం అంతకు కాస్త ముందే వదలాలి. ఈదురుగాలిలో బెలూన్ ఒకరు, కింద వేలాడే కొలత పరికరం (రేడియోసోండ్) ఒకరు పట్టుకోకపోతే పరికరం నేలకి కొట్టుకుని పగులుతుంది.

ఇప్పుడు రోజుల వారీగా చూద్దాం.

అల్పపీడనం ఏర్పడ్డ రోజున అందరినీ పిలిచేయడం పెద్ద పొరపాటు. 2024లో ఫెంగల్ నవంబరు 25, 26 తేదీలకే వాయుగుండం, తీవ్ర వాయుగుండం దశల్లోకి వచ్చింది. తుఫానుగా మారింది మాత్రం 29న. పుదుచ్చేరి దగ్గర తీరం దాటింది 30 రాత్రి. మొదటిరోజే 12 గంటల షిఫ్టులు మొదలుపెట్టిన ఆఫీసుకి అసలు రాత్రి వచ్చేసరికి ఓపిక మిగలదు. మొదటిరోజు చేయాల్సింది పేర్లు రాసుకోవడం: రాత్రి జట్టు ఎవరు, పగలు జట్టు ఎవరు, ఎవరిని దాచిపెట్టుకోవాలి. వాయుగుండం అనగానే రాత్రి జట్టుని పగలు డ్యూటీ నుంచి తప్పించి ఇంటికి పంపి పడుకోమనాలి. 12 గంటల షిఫ్టులకి మారడం తుఫాను దశలో.

తీరం దాటడానికి కనీసం 24 గంటల ముందు వెళ్ళే తుఫాను హెచ్చరిక వెలువడేలోపు, తర్వాతి షిఫ్టు వాళ్ళు కూడా బిల్డింగ్‌లోకి వచ్చేసి ఉండాలి. 2023 డిసెంబరు 4న మిచాంగ్ తుఫాను వానలకి వేళచ్చేరి, పళ్ళికరణై ప్రాంతాలు మునిగాయి, లోకల్ రైళ్ళు ఆగాయి, విమానాశ్రయం మూసేశారు. తాంబరంలో ఇల్లున్న రిలీవర్ ఆ పూట ఎలా వస్తాడు? 2016 డిసెంబరు 12న వర్దా తుఫాను దాటాక కూలిన చెట్లతో రోడ్లు మూసుకుపోయాయి, కాబట్టి ఇంటికి పోవడమూ అంతే కష్టం. అందుకని ఆరు మంచాలు, దోమతెరలు, 3 రోజులకి సరిపడా తాగునీరు, బియ్యం, పప్పు, గ్యాసు. జనరేటర్‌కి డీజిల్ మాత్రం లీటర్లలో కాకుండా గంటల్లో లెక్కేయాలి. గంటకి 10 లీటర్లు తాగే జనరేటర్ 48 గంటలు నడవాలంటే 480 లీటర్లు. దాన్ని నిండు లోడు మీద ఒక గంట నడిపి చూడాలి. ఉత్తినే స్టార్ట్ చేసి ఆపితే, ఫిల్టర్‌లో చేరిన మడ్డి సంగతి తుఫాను రాత్రి బయటపడుతుంది.

[తెరపై: చేత్తో రాసిన ఒక పేజీ]

షిఫ్టు అప్పగించే కాగితం ఇది. తుఫాను కేంద్రం ఎక్కడుంది, ఆ సంగతి రాడార్ చెప్పిందా, ఉపగ్రహమా, ఎంత నమ్మకం. ఏ స్టేషన్ల నుంచి రీడింగులు ఆగిపోయాయి. ఎవరికి ఫోన్ చేశాం, ఎవరు ఎత్తలేదు. తర్వాతి బులెటిన్ ఎన్నింటికి. చివరి గడి పేరు "అనుమానం". "మోడళ్ళు ఉత్తరానికి అంటున్నాయి, గాలి చూస్తే నాకలా అనిపించడం లేదు" లాంటి మాట అక్కడ రాయాలి. అంకెలన్నీ కంప్యూటర్‌లో ఎలాగూ ఉంటాయి, ఈ మాట మాత్రం రాయకపోతే ఆ మనిషితోపాటు ఇంటికి వెళ్ళిపోతుంది.

తుఫానే లేని రోజుల సంగతి కూడా ఒకటి చెప్పాలి. 2021 డిసెంబరు 30న మధ్యాహ్నం నుంచి చెన్నైలో ఎవరూ ఊహించనంత వాన పడింది. అలాంటి రోజు డ్యూటీ చార్ట్‌లో ఉండేది మామూలు ఇద్దరే. అందుకే అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, గంటలోపు ఆఫీసు చేరగల ఒక మనిషి పేరు రోజూ బోర్డు మీద ఉండాలి, ఆకాశం ఎంత తేటగా ఉన్నా సరే.

తీరం దాటాక ముందు పంపాల్సింది రాత్రి జట్టుని. డ్యూటీ దిగాక వాళ్ళకి కనీసం 24 గంటలు పిలుపు ఉండకూడదు. బండి నడుపుకుంటూ వెళ్ళనివ్వకుండా ఆఫీసు జీపులో దింపాలి. పగటి జట్టు మిగిలిన వర్షమాపకాల లెక్కలు తెప్పించి, పొంగిన సీసాల పక్కన గుర్తు పెట్టి, డీజిల్ మళ్ళీ నింపించాలి. 2015 నవంబరులో చెన్నైకి ఒక వాన తెరిపిచ్చిన వారానికల్లా ఇంకొకటి వచ్చింది. బంగాళాఖాతంలో తర్వాతి అల్పపీడనం కనిపించేలోపు మంచాల దుప్పట్లు కూడా ఆరాలి.